తుక్కు షరతులతో రోల్స్‌రాయిస్ వేలం

రాయ్‌పూర్ నుంచి దుర్గ్ వైపు జీఈ రోడ్డు మీద వస్తుంటే భిలాయికి ముందే చరోదా తగులుతుంది. బీఎంవై అని అందరూ పిలిచే భిలాయి మార్షలింగ్ యార్డు, లోకో షెడ్డు, రైల్వే క్వార్టర్లు, తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు. ఊరి పరిచయం ఇంతే. ఇక్కడ కూర్చుని పాత పోర్షేలు, ఫెరారీల ఆన్‌లైన్ వేలం గురించి మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ మన దేశంలో కంప్యూటర్ తెర మీద పాట పాడటం ముందుగా వంటబట్టించుకున్నది కార్ల షోకున్న కోటీశ్వరులు కాదు, ఉక్కు పట్టణాల తుక్కు వ్యాపారులు.

భిలాయి ఉక్కు కర్మాగారంలో మిగిలే తుక్కు, స్లాగ్, రెండో రకం ప్లేట్లు, మూలపడ్డ యంత్రాలు చాలాకాలంగా ఆన్‌లైన్ వేలంలో అమ్ముడుపోతున్నాయి. ఇలాంటి వేలాలు నడిపే సంస్థల్లో పెద్దది ఎంఎస్‌టీసీ. తుక్కు ఎగుమతులను అదుపులో పెట్టడానికి 1964లో పుట్టి, కొంతకాలం సెయిల్ గొడుగు కింద ఉండి, తర్వాత ఉక్కు మంత్రిత్వ శాఖ కింద విడి కంపెనీ అయింది. మరొకటి ఎంజంక్షన్. సెయిల్, టాటా స్టీల్ చెరిసగం పెట్టుబడితో 2001లో దాన్ని మొదలుపెట్టాయి. ఈ వైపు తుక్కు కొనేవాణ్ణి కదిపితే లాట్, ఈఎండీ అనే ధరావతు, డెలివరీ ఆర్డర్, లిఫ్టింగ్ అంటూ గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. అన్నిటికంటే అతనికి బాగా తెలిసిన షరతు ఒకటుంది: సరుకు ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే. కొన్న తర్వాత ఫిర్యాదు చెల్లదు.

2019 ఏప్రిల్ 25న ఇదే ఎంఎస్‌టీసీ 13 కార్లను వేలానికి పెట్టింది. పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణంలో ఈడీ జప్తు చేసిన నీరవ్ మోదీ, మేహుల్ చోక్సీల బండ్లు అవి. రోల్స్‌రాయిస్ ఘోస్ట్, పోర్షే పనామెరా, మెర్సిడెస్‌లు, వాటి పక్కనే హోండాలు, ఇన్నోవా. కావలసినవాళ్లు వెళ్లి చూసుకోవచ్చు, నడిపి చూస్తామంటే మాత్రం కుదరదు. నీరవ్ కార్లను జప్తు చేసింది 2018 ఫిబ్రవరిలో, కాబట్టి వేలం నాటికే ఏడాది దాటింది. విచిత్రమేమంటే 2020 మార్చిలో సఫ్రానార్ట్ అనే కళాఖండాల వేలం సంస్థ ఈడీ తరఫున నీరవ్ ఆస్తులు అమ్మినప్పుడు చిత్రపటాలు, చేతిగడియారాల మధ్య ఘోస్ట్, పనామెరా మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. మొదటి పాటలో తేలని బండ్లు మళ్లీ పాటకు రావడానికి జప్తు తర్వాత రెండేళ్లు పట్టిందన్నమాట.

ఎలా ఉన్నది అలాగే అన్న షరతు తుక్కుకు న్యాయమైనదే. టన్ను తుక్కు విలువ దాని బరువులో, గ్రేడులో ఉంటుంది. నిన్నటిదాకా అది రైలు చక్రమా, క్రేను కొక్కెమా అన్నది కొలిమికి అనవసరం. స్పోర్ట్స్ కారు లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. అందులోని ఇనుము, అల్యూమినియం ఖరీదు నామమాత్రం. కోటి రూపాయలు పలికేది దాని చరిత్ర. 1997 నుంచి 2008 దాకా వచ్చిన పోర్షే బాక్స్‌టర్లలో, ఆ కాలపు చాలా 911లలో ఐఎంఎస్ బేరింగ్ అనే చిన్న భాగం పేరుమోసిన బలహీనత. అది చితికితే ఇంజనే పోతుంది. దాన్ని మార్చారో లేదో పైనుంచి చూస్తే తెలియదు, సర్వీసు బిల్లు చూస్తే తెలుస్తుంది. ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందికి దించాలి. కొన్నేళ్లకోసారి ఆ పని తప్పదు, అది ఎప్పుడు జరిగిందన్నదే బండి ధరను తేలుస్తుంది. కార్బన్ సెరామిక్ బ్రేకు డిస్కులు అరిగాయంటే లక్షల్లో ఖర్చు. ఇక ఏడాదికి పైగా కదలకుండా నిలబెట్టిన బండి సంగతి చెప్పనక్కర్లేదు. బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు ఒకవైపు చదునవుతాయి, రబ్బరు సీళ్లు ఎండి నూనె కారుతుంది, ట్యాంకులోని పెట్రోలు పాడవుతుంది. తాళం చెవి రెండోది ఉందా లేదా అన్నది కూడా ఈ కార్ల విషయంలో చిన్న ప్రశ్న కాదు. ఇవేవీ చెప్పకుండా నాలుగు ఫొటోలు పెట్టి పాట పిలవడం, నీళ్లలో బర్రెను ఉంచి కొమ్ముల మీద బేరమాడటమే.

అమెరికాలో 2014 నుంచి ఆన్‌లైన్ కార్ల వేలాలు నడుపుతున్న బ్రింగ్ ఏ ట్రైలర్ పద్ధతి వేరు. అక్కడ అమ్మేవాళ్లు బండి అడుగు భాగం దాకా పదుల కొద్దీ ఫొటోలు పెడతారు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌ను ఉదయం స్టార్ట్ చేసే వీడియో, పెయింటు మందం కొలతలు, పాత బిల్లులు పెట్టడం అక్కడ మామూలే. పాట వారం రోజులు సాగుతుంది, ఆ వారమంతా ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు. ఆఖరి రెండు నిమిషాల్లో పాట పడితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళ్తుంది. ఇదంతా ధర్మబుద్ధితో చేస్తున్నది కాదు. దాచిన బండికి తక్కువ ధర వస్తుందని వాళ్లకు తెలుసు. 1970లో జార్జ్ ఆకర్లోఫ్ పాత కార్ల బజారు మీద రాసిన వ్యాసం చెప్పిందీ అదే: ఏది మంచి బండో తేల్చుకోలేని కొనుగోలుదారు అన్నిటికీ నాసి ధరే ఇస్తాడు, దాంతో మంచి బండి ఉన్నవాడు బజారుకే రాడు. 2001లో ఆయనకు వచ్చిన నోబెల్ వెనుక ఆ వ్యాసం ఉంది. ఈబే మోటార్స్ అమ్మకాలను పరిశీలించి గ్రెగరీ లూయిస్ 2011లో ప్రచురించిన పరిశోధనలో, ఫొటోలూ వివరాలూ ఎక్కువ పెట్టిన కార్లు ఎక్కువ ధర పలికినట్టు తేలింది.

ఈడీగానీ బ్యాంకుగానీ వాడిన కారుకు గ్యారంటీ ఎలా ఇస్తాయని అధికారులు అడగొచ్చు. ఇవ్వనక్కర్లేదు. గ్యారంటీ వేరు, సమాచారం వేరు. తుక్కు షరతును అలాగే ఉంచుకుని కూడా బండి లోపాలను కాగితం మీద పెట్టవచ్చు. పెట్టకపోతే నష్టపోయేది నీరవ్ మోదీ కాదు, ఆ డబ్బు వెనక్కి రావలసిన బ్యాంకు.

తప్పంతా అమ్మేవాళ్ల మీదే తోసేయడానికీ లేదు. పాట పాడేవాళ్లలో పరువు కోసం పాడేవాళ్లు ఎందరో. హైదరాబాద్ ఖైరతాబాద్ ఆర్టీఏలో 2024లో 9999 అనే నంబరు 25.5 లక్షలు పలికింది. బండి కాదు, నంబరే! హర్యానాలో 2025 నవంబరులో హెచ్ఆర్88బి8888 అనే నంబరు ఆన్‌లైన్ వేలంలో 1.17 కోట్లకు పోయిందని దేశమంతా చెప్పుకుంది. తీరా గడువు దాటినా పాడినవాడు డబ్బు కట్టలేదు. పోయింది 11 వేల రూపాయల ధరావతు మాత్రమే. తెర ముందు కూర్చుని మీట నొక్కడం తేలిక. అంత తక్కువ ధరావతుతో అంత పెద్ద పాటను అనుమతిస్తే ఆ అంకెకు అర్థమే ఉండదు. భిలాయి తుక్కు వేలంలో ఇలాంటి ఆట చెల్లదు. డబ్బు కట్టకపోతే ఈఎండీ పోతుంది, తర్వాతి వేలాల్లోకి రానివ్వకపోవచ్చు కూడా. ఖరీదైన కార్ల వేలానికి తుక్కు వ్యాపారం నుంచి అరువు తెచ్చుకోవలసింది నిజానికి ఈ క్రమశిక్షణ. మనం దాన్ని వదిలేసి షరతును పట్టుకున్నాం.

కాగితాల చిక్కు ఇంకో వైపు. బహిరంగ వేలంలో కొన్న బండిని పేరు మార్చుకోవడానికి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఫారం 32 ఉంది. బండి చేతికొచ్చిన 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. రాసుకోవడానికి బాగానే ఉంది. ఢిల్లీ నంబరున్న బండిని దుర్గ్ ఆర్టీఓలో సీజీ 07గా మార్చాలంటే అక్కడి ఎన్ఓసీ కావాలి, ఇక్కడ పన్ను కట్టాలి, పాత చలాన్లు, పాత అప్పు తాలూకు హైపోథెకేషన్ తొలగాలి. పరారీలో ఉన్న యజమాని సంతకం ఎక్కడి నుంచి తేవడం? అందుకే జప్తు వేలాల్లో రిజిస్ట్రేషన్ బాధ్యత ఎవరిదో ముందే రాసి ఉండాలి.

దిగుమతి మూలం ఇంకా ప్రమాదకరమైన ప్రశ్న. 2025 మేలో హైదరాబాద్‌కు చెందిన ఒక లగ్జరీ కార్ల డీలర్‌ను రెవెన్యూ నిఘా సంస్థ డీఆర్ఐ అరెస్టు చేసింది. విదేశాల నుంచి తెచ్చిన కార్లకు తక్కువ విలువ చూపి సుంకం ఎగవేశారన్నది ఆరోపణ. అదే ఏడాది సెప్టెంబరులో భూటాన్ మీదుగా వచ్చిన పాత వాహనాల కోసం కేరళలో కస్టమ్స్ దాడులు జరిగి, సినీ నటుల ఇళ్ల దాకా వెళ్లాయి. ఆర్‌సీ చేతిలో ఉంది కదా అని ధీమాగా తిరుగుతున్నవాడి బండి కూడా కస్టమ్స్ యార్డుకు చేరవచ్చు. స్టీరింగ్ పట్టిన మూడో కొనుగోలుదారుకు సుంకం ఎగవేత గురించి తెలిసే దారేది? వేలం జాబితాలో బిల్ ఆఫ్ ఎంట్రీ ప్రతి పెట్టమనడం అత్యాశేమీ కాదు.

ఈ విషయం చరోదాకు దూరమనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మహాదేవ్ బెట్టింగ్ యాప్ కేసుతో భిలాయి పేరు కొన్నేళ్లుగా ఈడీ ప్రకటనల్లో నలుగుతోంది. కేసు కోర్టులో ఉంది, ఎవరు దోషులో తేల్చవలసింది కోర్టే. అయితే ఇలాంటి కేసుల్లో జప్తయిన ఆస్తులు ఏదో ఒక రోజు పాటకు వస్తాయి. ఆలోగా అవి ఎండలో, వానలో పడి ఉంటాయి. పట్టుకున్న వాహనాలను పోలీస్ స్టేషన్లలో ఏళ్ల తరబడి కుళ్లబెట్టవద్దని, వీలైనంత త్వరగా విడిపించాలనీ లేదా అమ్మాలనీ సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఆ తీర్పు వచ్చి రెండు దశాబ్దాలు దాటినా ఏ ఠాణా ఆవరణలో చూసినా తుప్పు బండ్లే.

జప్తు చేసిన వారం లోపల కంపెనీ అధీకృత వర్క్‌షాపు మనిషిని పిలిచి, కంప్యూటర్ స్కాన్ చేయించి, ఆ నివేదికనూ సర్వీసు చరిత్రనూ వేలం జాబితాలో మొదటి పేజీలో పెట్టాలి. నెలకోసారి ఇంజన్ స్టార్ట్ చేయించాలి. ఫెరారీ, లంబోర్గిని షోరూములు ఢిల్లీ, ముంబై, బెంగళూరు లాంటి చోట్లే ఉన్నా, పోర్షే మెకానిక్ హైదరాబాద్ నుంచే రావలసి వచ్చినా రానుపోను ఖర్చుతో కలిపి ఆ తనిఖీ బిల్లు అదే కారు నాలుగు టైర్ల ధరను దాటదు.