సీసాకు చిరునామా, కుండకు కేసు

తెలంగాణలో ఏ ఊరికి పోయినా 'వైన్స్' అని బోర్డు కనబడుతుంది. లోపల వైన్ ఎంతుంటుంది? ఏ మూల అరలోనో దుమ్ముపట్టిన నాలుగు సీసాలు. మిగిలిందంతా విస్కీ, బ్రాందీ, బీరు. ద్రాక్ష పానీయం పేరు మన దగ్గర దుకాణం పేరైపోయింది. ఇప్పుడు ఉన్నవాళ్ల ఇళ్లలో మరో కొత్త ముచ్చట మొదలైంది: ఇంట్లో వైన్ సీసాలను ఎట్లా సర్దుకోవాలి, వాటి లెక్క ఎట్లా రాసుకోవాలి.

ఆ పద్ధతిలో శ్రద్ధ ఉంది, కాదనను. బిరడా ఎండిపోకుండా సీసాను అడ్డంగా పడుకోబెట్టాలి. వెలుతురు తగలొద్దు. వేడి 12, 13 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. ఒక్కో సీసాకు పుస్తకంలో ఒక వరుస: ఏ తోటది, ఏ ఊరిది, ఏ ఏటి పంట, ఎంతకు కొన్నది, ఏ అరలో ఉంది, ఎప్పటిలోగా తాగాలి. తాగినాక ఎట్లుందో ఒక మాట. ఈ పనికి సెల్లార్‌ట్రాకర్ లాంటి ఆప్‌లు కూడా ఉన్నాయి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే మా ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు ఆ సీసాల కోసం ఏడాది పొడవునా ఒక ఫ్రిజ్ నడవాల్సిందే. నడుపుకోనీయండి, ఎవరి పైసలు వాళ్లవి. నా పేచీ ఆ ఫ్రిజ్‌తో కాదు. ఆ పుస్తకాన్ని చూసి 'అబ్బ, ఎంత అభిరుచి' అని మెచ్చుకునే మనమే కల్లు లొట్టిని చూసి ముక్కు మూసుకుంటాం. పేచీ దానితో.

బాసర దగ్గర గోదావరి ఒడ్డున నిలబడితే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఈ నది నాసిక్ మీదుగా వస్తుంది. దేశంలో వైన్ అంటే ముందుగా చెప్పే పేరు నాసిక్‌దే. అక్కడి సులా తోటల్లో 1997లో ద్రాక్ష నాటారు, 2000 నాటికి సీసాలు బయటికొచ్చాయి. అదే నది నాందేడ్ దాటి, కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని బాసరకు చేరేసరికి గట్ల మీద తాళ్లు, ఈదులు. పైన తీసిన రసానికి ఊరు పేరుతో లేబుల్. కింద తీసిన రసానికి అతీగతీ లేదు.

కల్లులో రాసుకునేంత ఏముంది అంటారా? తాటిచెట్టును బట్టి, కాలాన్ని బట్టి పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని పేర్లే మారతాయి. ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు. పొద్దు పొడవకముందు దించింది వేరు, మాపటికి పులిసింది వేరు. మోకు, ముస్తాదు కట్టుకొని ఎక్కే గౌడన్నకు ఏ చెట్టు ఎన్నడు మొదలైంది, ఏది ఎంత పారుతుంది, దేనికి విరామం ఇవ్వాలి అన్నీ నోటికే తెలుసు. వైన్ సేకర్త వంద సీసాలకు ఆప్ పెట్టుకుంటే ఈయన తన చెట్ల లెక్కంతా తలలో పెట్టుకుంటాడు. ఒకటి మాత్రం నిజం. వైన్‌ను ఏళ్ల తరబడి దాచొచ్చు, కల్లును దాచలేం. దాచలేని దానికే కదా లెక్క ఎక్కువ అవసరం!

సర్కారు ఈ లెక్క అసలే రాయలేదని కాదు. నిజాం కాలంలో ఆబ్కారీ ఖజానాకు పెద్ద రాబడి. చెట్లను లెక్కబెట్టారు, నంబర్లు వేశారు, పన్ను గుంజారు. తెలంగాణ వచ్చాక చెట్టు పన్ను ఎత్తేశారు, మంచిదే. కానీ ఆ పుస్తకం ఎప్పుడూ ఖజానా కోసం రాసిందే. తాగేవాడి కోసం ఎవడూ ఒక్క వరుస రాయలేదు.

రాయకపోతే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. డిపోల్లో నీళ్లు, శాక్రిన్, క్లోరల్ హైడ్రేట్, డైజోఫామ్, ఆల్ప్రాజోలం కలిపి సీసాలకు పోసి ఊళ్లకు పంపుతున్నారు. రోజూ అది తాగిన కూలిమనిషికి ఒక్కరోజు దొరక్కపోతే ఫిట్స్ వస్తాయి, పిచ్చి చూపులు పడతాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. అట్లాంటిది జరిగిన ప్రతిసారీ కల్లుదే తప్పన్నట్టు మాట్లాడతాం. తప్పు కల్లుది కాదు, దానికి చిరునామా లేకపోవడానిది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. తాగుడును వెనకేసుకొస్తున్నావా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాయి మీద లేచారు. 1993 అక్టోబరు 1న సర్కారు సారాయి ఆపింది. 1995లో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ ఆడవాళ్లను తలుచుకోకుండా ఈ విషయం మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ వాళ్లు లేచింది దేని మీద? సర్కారు వేలం వేసి ఇంటి గుమ్మం దాకా తెచ్చిన ప్యాకెట్ల మీద. ఆ వేలం లెక్కలో సంసారాల లెక్క లేదు. లెక్క బయటపెట్టమని అడగడం వాళ్ల కొట్లాటకు ఎదురు కాదు, కొనసాగింపు.

ఇదే కొలత ఇప్పపువ్వుకూ వర్తిస్తుంది. ఎండాకాలం తెల్లారుజామున రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, ఏడాదికి సరిపడా దాచుకోవడం ఉట్నూరు, జైనూరు వైపు గోండు ఇళ్లకు కొత్త కాదు. అది తిండి, మందు, దేవుడికి నైవేద్యం, సారా కూడా. బెల్లంతో, పటికతో కాసే గుడుంబాను, ఈ ఇప్పసారాను ఒకే గాటన కట్టి కేసు రాస్తారు. గోవాలో జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు ఇచ్చి గర్వపడ్డారు. అది వారసత్వం, ఇది నేరం. పట్నంలో అరలో పేర్చితే సేకరణ, గూడెంలో కుండలో ఉంటే ముద్దాయి సామాను.

కాబట్టి వైన్ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది సీసా కాదు, పుస్తకం. ప్రతి కల్లు దుకాణం ముందు ఒక పలక పెట్టమనండి. ఏ ఊరి చెట్లు, ఎన్ని చెట్లు, గీసినవాళ్లు ఎవరు, ఈ రోజు ఎన్ని లీటర్లు దిగింది, ఎన్ని లీటర్లు అమ్మింది. చెట్టు ఇచ్చేదానికి ఒక హద్దుంది. దిగినదానికంటే అమ్మింది ఎక్కువైతే ఆ ఎక్కువంతా మందే, నీళ్లే. ఇది తేల్చడానికి ల్యాబు కూడా అక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు. సొసైటీలున్నాయి, ఎక్సైజ్ సిబ్బంది ఉన్నారు. లేనిది అడిగేవాళ్లే.

పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో బాసరకు వస్తారు. పలక మీద మొదటి అక్షరం దిద్దించే ఊరు అది. ఆ జిల్లాలోనే కల్లు దుకాణం ముందు ఒక పలక పెట్టించలేకపోతే మనం నేర్చిన అక్షరాలు దేనికి? వైన్ సీసాల మీది లేబుళ్లు చదువుకోవడానికా?