ప్రతి పాండువుకూ మండూరమేనా?

పాండురోగం అనగానే బోధన్ చెరకు పల్లెలలో బెల్లం తినమంటారు. మన వైద్యులు మండూర భస్మం ఇస్తారు. ఇనుము లోపించినచో అది యుక్తమే. కాని కొందరు వృద్ధులలో దోషం ఆహారంలో గాక ఎముకల మజ్జలోనే ఉంటుంది. అదే మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్. వారికి తరచు రక్తం ఎక్కించవలసి వస్తుంది. యూనిట్‌కు 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము చేరి, క్రమంగా కాలేయాన్ని, గుండెను బాధించవచ్చు. ఆపై లోహభస్మం ఇచ్చుట హానికరం.

2020లో అమెరికా ఆమోదించిన లస్పాటర్‌సెప్ట్‌ను మూడు వారాలకొకసారి చర్మం క్రింద ఇంజెక్షన్‌గా ఇస్తారు. అది ఎర్రకణాలు పక్వమగుటకు తోడ్పడి, కొందరికి రక్తమెక్కించే అవసరాన్ని తప్పిస్తుంది, వ్యాధిని నిర్మూలించదు.

నిదానం పిదపనే చికిత్స అన్నది మన శాస్త్రధర్మం. కనుక నిజామాబాద్ వైద్యమిత్రులారా, రక్తకణాలను, ఫెరిటిన్‌ను పరీక్షింపజేసిన తరువాతనే వృద్ధులకు మండూరం ఇవ్వండి.