మీ చొక్కా మీరే ఉతుక్కోండి



"ఆ పిల్లకు కడుపు నిలవలేదట" అన్న మాటను మన వరంగల్ మట్టెవాడలో ఎవరూ గట్టిగా అనరు. నల్లా కాడ గొంతు తగ్గించి చెప్పుకుంటారు. చెప్పిన మరుక్షణం వెతుకులాట మొదలవుతుంది. మెట్లెక్కిందేమో, బొప్పాయి తిన్నదేమో, అమావాస్యనాడు బయట తిరిగిందేమో, ఎవరి కన్ను పడ్డదో! ఎక్కడ వెతికినా చివరికి దొరికేది ఆ పిల్లే. ఇవాళ మాత్రం మనం గొంతు పెంచే మాట్లాడుకోవాలి.

ముందుగా ఒక సంగతి. ఖాయమైన గర్భాల్లో సుమారు ఏడింటికి ఒకటి పోతుంది. తొలి నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం, పిండం ఏర్పడేటప్పుడే క్రోమోజోముల లెక్క తప్పినవి. అందులో తల్లి చేసిన తప్పు లేదు, అత్త చూసిన చూపూ లేదు. ఇవాళ నా మాట పురుగుల మందు గురించే అయినా, పోయిన ప్రతి కడుపుకూ అదే కారణమని నేను అనను. అట్లా అంటే అదీ ఒక రకం దిష్టే అవుతుంది. ఇక కడుపు పోయినందుకు రొమ్ము కాన్సర్ వస్తుందని భయపెట్టేవాళ్లున్నారు. 16 దేశాల్లో 83,000 మంది రొమ్ము కాన్సర్ రోగుల వివరాలు కలిపి చూసి, అట్లాంటి సంబంధం లేదని 2004లోనే తేల్చారు. ఆ భయాన్ని ఇవాళే మన గడప దాటించండి.

ఇప్పుడు మన చేతుల్లో ఉన్న సంగతికి వస్తాను. మన వాడ పక్కనే ఎంజీఎం దవాఖాన ఉంది. 1997 నుంచి 2002 దాకా పురుగుల మందు విషంతో అక్కడ చేరినవాళ్లు 8,040 మంది. నూటికి ఇరవై ఇద్దరికి పైగా బతకలేదు. ఈ లెక్క 2005లో అంతర్జాతీయ వైద్య పత్రికలో అచ్చయింది. 2002లో ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అనే రెండింటివే. అది పత్తి దెబ్బతిని, అప్పులు మీదపడ్డ కాలం. ఆ లెక్కలోకి ఎక్కింది దాదాపు అంతా గొంతులోకి పోయిన విషమే. పంపు నింపుతుంటే చేతుల మీద ఒలికింది, మందు కొట్టిన చేలో మర్నాడే కలుపుకు వంగిన ఆడకూలీ ఒంటికి అంటింది అందులోకి రావు.

ఆ విషం ఇంటికెట్లా వస్తుందో పత్తి చేలే చెప్పాయి. 1991లో హైదరాబాదు జన్యుశాస్త్రవేత్తలు వెయ్యికి పైగా జంటలను పరిశీలించారు. పత్తికి మందు కొట్టేది మగవాళ్లు. భార్యలు స్వయంగా మందు కొట్టినవాళ్లు కారు. అయినా మందు ముట్టని కుటుంబాలతో పోల్చితే ఆ ఇండ్లలో గర్భాలు పోవడం, బిడ్డలు చనిపోయి పుట్టడం, లోపాలతో పుట్టడం ఎక్కువని తేలింది. విషానికి మగవాడి బీజం ఒక దారి కావచ్చు, వాడు విప్పి పడేసిన చొక్కా ఇంకో దారి కావచ్చు. ఆ చొక్కాను ఇంటి బట్టలతో కలిపి బకెట్లో నానేసి, చేతులతో రుద్దేది ఎవరు?

అందుకే అన్నలారా, తమ్ముళ్లారా, నా మొదటి మాట మీకే. మందు కొట్టిన చొక్కా మీరే ఉతుక్కోండి. విడిగా, బయట, చేతులకు తొడుగు వేసుకుని ఉతకండి. స్నానం చేసి ఇంట్లోకి రండి. ఇందులో పరువుపోయేదేమీ లేదు. ఏనుమాముల మార్కెట్ యార్డులో బస్తాలు మోసే భుజాలకు ఒక చొక్కా బరువా? పంటకు మందు కొట్టినవాళ్లకే కాదు, పురుగుల మందు దుకాణాల్లో డబ్బాలు సర్దే కుర్రవాళ్లకూ ఇదే మాట.

డబ్బా మీద రంగు త్రికోణం అందరూ చూసే ఉంటారు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ చూసి "ఏం కాదులే" అనుకుంటాం. ఆ రంగు చెప్పేది ఒక్కటే, ఎంత మోతాదుకు ప్రాణం పోతుందన్నది. నెలల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి పోతే కాన్సర్ వస్తుందా, కడుపులో బిడ్డకు దెబ్బా అన్నది ఆ రంగులో లేదు. మిర్చి రైతుకు బాగా తెలిసిన కార్బండజిమ్ వెంటనే చంపే మందు కాదు. ఐరోపా దేశాలు మాత్రం దాన్ని గర్భానికి హాని చేసే పదార్థాల జాబితాలో పెట్టాయి. మలాథియాన్, డయాజినాన్ మనుషుల్లో కాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ విభాగం 2015లో చెప్పిన మాట. గుమ్మానికి గుమ్మడికాయ కట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. కట్టేటప్పుడు ఆ గుమ్మం వెనక మందు డబ్బా ఉందేమో కూడా చూడండి.

కడుపుకూ కాన్సర్‌కూ ముడిపడ్డ ఒక కథ చెప్పకుండా ఉండలేను, మన తెలుగువాడి కథ. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించాడు. గర్భిణికి రోజూ వేసే ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది ఆయన బృందమే. దానికి ఎదురు పనిచేసే మెథోట్రెక్సేట్‌నూ వాళ్లే తయారుచేశారు. 1948లో ఆయన పోయాడు. 1956లో అమెరికా వైద్యులు మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఆ మందుతో కోరియోకార్సినోమాను నయం చేశారు. మాయ కణాల నుంచి పుట్టే కాన్సర్ అది. అంతవరకూ దానికి ఎక్కువగా మరణమే దారి.

ఆ జబ్బుకు ఒక మూలం ముత్యాల గర్భం. పిండం ఉండాల్సిన చోట ద్రాక్షగుత్తిలాంటి నీటిబుడగలు పెరుగుతాయి. రక్తస్రావమై పోతుంది, శుభ్రం చేస్తారు, పీడ విరగడైందనుకుంటారు. పిండం అసలే ఏర్పడని రకంలో నూటికి పదిహేను ఇరవై మందికి లోపల మిగిలిన కణాలు మళ్లీ పెరగవచ్చు. హెచ్‌సీజీ రక్తపరీక్ష వారం వారం, ఆపైన నెల నెలా చేయిస్తే అది ముందే దొరుకుతుంది, దొరికితే దాదాపు అందరూ బతుకుతారు. పరీక్ష మానేసేది ఎందుకు? బస్సు కిరాయి లేక, తోడు లేక, "ఇంకా ఏం దవాఖాన" అని ఇంట్లో అన్నందుకు. సుబ్బారావు మందు ఉన్నా, ఆ పిల్లను దవాఖాన దాకా తోడుండి తీసుకుపోవాల్సింది మనం కదా.

ఆ మందును సీసాలో కలిపి ఎక్కించే నర్సమ్మను మరవకండి. ఫిన్లండ్ ఆసుపత్రుల నర్సుల మీద చేసిన పరిశీలన 1985లో అచ్చయింది. తొలి మూడు నెలల్లో కాన్సర్ మందులు ముట్టినవాళ్లలో గర్భం పోయే ముప్పు రెట్టింపుకు పైగా కనిపించింది. తొడుగులు, గౌను, మందు కలిపే ప్రత్యేకమైన పెట్టె అడగడం ఆమె గొంతెమ్మ కోరిక కాదు. గర్భిణి అని చెప్పిన నర్సును ఆ పని నుంచి తప్పించాలని అడిగే గొంతు రోగుల బంధువులది కూడా కావాలి. రోగి పక్క బట్టలు ఉతికే ఆమెకూ అదే రక్షణ కావాలి.

"మనతో అయ్యేదా?" అంటారేమో. ఎనబావి ఎక్కడుంది? మన పాత వరంగల్ జిల్లాలోనే, లింగాల ఘనపూర్ మండలంలో. ఊరంతా కూర్చుని పురుగుల మందులు, రసాయన ఎరువులు మానేద్దామని తీర్మానించుకున్నారు, మానేశారు. కేరళలోని కాసరగోడు జనం ఏండ్ల తరబడి కొట్లాడాక 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపింది. మోనోక్రోటోఫాస్‌ను వదిలించుకోవాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చేసరికి 2023 వచ్చింది. ఎంజీఎం మంచాలు నిండిన పాతికేండ్లకు! పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా కూర్చుంటే అది మన మనవరాళ్లకే అందుతుంది.

గర్భం పోయిన ఉద్యోగినికి ఆరు వారాల వేతన సెలవు 1961 నుంచి చట్టంలో ఉంది. ఆటోలో పొద్దున్నే మిర్చి ఏరడానికి పోయే మన ఆడబిడ్డకు అది ఎవరిస్తారు? మహిళా సంఘం అక్కలారా, మీ పొదుపులోంచి ఒక చిన్న నిధి విడిగా పెట్టండి. ఆరు వారాలు కాకున్నా రెండు వారాలు ఆమె ఇంటి పొయ్యి ఆరకుండా చూడండి. మేస్త్రీలూ, మందు కొట్టిన చేలోకి గర్భిణిని దింపకండి, దింపితే వాడంతా మీ ఇంటి ముందుకొస్తుంది.

ఆశక్కలకు, ఏఎన్ఎంలకు నాదొక విన్నపం. నెల తప్పిన పిల్ల కార్డు రాసేటప్పుడు బరువు, రక్తం ఎట్లా రాస్తారో, ఒక మూలన ఇంకో రెండు ముక్కలు రాయండి: నువ్వేం పని చేస్తావమ్మా, మీ ఆయన ఏం పని చేస్తాడు? సీకేఎం ప్రసూతి ఆసుపత్రికి పోయినా, హన్మకొండకు పోయినా ఆ జవాబు డాక్టరు చేతికి అందాలి.

వచ్చే ఆదివారం పొద్దున మళ్లీ ఇక్కడే కలుద్దాం. ఎవరి ఇంట్లో మందు డబ్బా ఉందో, ఎవరు పరీక్షకు పోవాల్సి ఉందో, ఎవరికి తోడు కావాలో రాసుకుందాం. నోటుబుక్కు నేను తెస్తాను. తోడు పోయేందుకు మొదటి పేరు ఎవరిది రాయమంటారు?