తేదీ అడుగని చికిత్స

కోరుట్ల, నిర్మల్ ప్రాంతములలో బీడీలు చేయు స్త్రీకి దగ్గు వచ్చినచో పొగాకు దుమ్మని ఇంటివారును, తెమడలో నెత్తురు కనబడినచో టీబీయని ఊరివారును నిశ్చయింతురు. ఆ నిశ్చయము పెక్కుమారులు సరియైనదే గనుక తెమడ పరీక్షయే మొదట జరుగవలెను, అందులో వివాదము లేదు. అయితే ఆ పరీక్షలో క్రిమి కనబడక, కుడి పక్కలో పోటును, దమ్మును, భుజపు నొప్పియు, ఒక్కొక్కప్పుడు నెత్తుటి కళ్ళెయు నెలనెలా ముట్టుతో వచ్చి దానితోనే తగ్గుచుండినయెడల, రోగమూలము ఎండోమెట్రియోసిస్ కావచ్చునను ఊహ ఎందఱు వైద్యులకు కలుగుచున్నది?

గర్భాశయపు లోపలి పొరను బోలిన కణజాలము గర్భాశయమునకు వెలుపల పెరుగుటయే ఈ వ్యాధి. సంతానయోగ్యమగు వయస్సులోని స్త్రీలలో ఇంచుమించు పదింట ఒకరికి ఇది కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఉదరములోని ద్రవము కుడివైపునుండి పైకి సాగి కాలేయము మీది డయాఫ్రమ్‌ను చేరును గనుక, ఆ కణములును అదే త్రోవను పోయి, అచ్చట పాతుకొని, ఆ కండరపు పొరకు రంధ్రములు చేయునని పలువురు వైద్యుల అభిప్రాయము. ఛాతీకి ప్రాకిన ఈ రోగము అత్యధికముగ కుడివైపుననే కానవచ్చుటకు ఇదియే కారణమందురు. ఈ రోగమున ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి కుంచించుకొనిపోవుట సాధారణముగ ముట్టు మొదలైన మూడు దినములలో జరుగును. డయాఫ్రమ్ నాడి మెడనుండి దిగునదగుటచే దాని బాధ భుజమున తోచును. 1958లోనే అమెరికా వైద్యులు ఇట్టి రోగిణిని గూర్చి ప్రకటించియుండిరి. ఛాతీలో ఇది అరుదైన రోగమే, కాదనను. కాని అడిగి చూడనిదానిని అరుదని కొట్టివేయుట న్యాయము కాదు.

అడుగుటయు సులభము కాదు సుమా! మగ డాక్టరు ముందు, పక్కన భర్తయో అత్తయో నిలిచియుండగా, ఏ పడుచు ముట్టుమాట ఎత్తగలదు? స్త్రీలకై మంగళవారములందు నడచు ఆరోగ్య మహిళ కార్యక్రమము 2023 మార్చి 8న మన కరీంనగరముననే ఆరంభమైనది. నెలసరి బాధలు చెప్పుకొనుటకు అచ్చట చోటు కలదు. అచ్చటి నర్సు దమ్మును గూర్చియు, ఛాతీ వైద్యుడు నెలసరి తేదీని గూర్చియు విచారించిన చాలును. తరువాత ముట్టు దినములలోనే స్కానింగు తీయించి, హార్మోను మందులతోనో, స్త్రీవైద్యులును ఛాతీ శస్త్రవైద్యులును కలసి చేయు చిన్నకోత ఆపరేషనుతోనో చికిత్స చేయవచ్చును.

ఆదిలాబాద్ రిమ్స్ మొదలుకొని పల్లె ఆసుపత్రి వరకు, దగ్గుతోనో ఆయాసముతోనో వచ్చు ప్రతి స్త్రీ చీటిపై కడపటి ముట్టు తేదీకి ఒక గడి ఉంచవలెనని అధికారులకు నా మనవి. అక్కచెల్లెండ్రారా, టీబీ మందులను మీయంతట మీరు మానకుడు; బాధ వచ్చిన దినములను మాత్రము క్యాలెండరుపై గుర్తించి, దానిని డాక్టరుకు చూపుడు.