గేమ్ ఆడితే కుదురు వస్తదా? ముందు బడికి డాక్టర్‌ను పంపుండ్రి

బడిల కుదురుగ కూసోని పిలగాన్ని మనం ఏమంటం? ఇంట్ల ‘కోతి’ అంటం, క్లాసుల ‘మొద్దు’ అంటం. చెప్పింది సగమే ఇంటడు, రాసేది నడిమిట్ల ఇడిచిపెడ్తడు, పెన్సిల్ దినానికొకటి పోగొడ్తడు. పిల్లలన్నాక అంతో ఇంతో గట్లనే ఉంటరు. కని కొందరికి అది ఇంట్ల, బడిల, ఆటల అన్ని తాన, నెలల తరబడి ఉంటది. దాన్ని డాక్టర్లు ఏడీహెచ్‌డీ అంటరు. అది తిక్క కాదు, తల్లి పెంపకంల తప్పు అంతకన్న కాదు.

గీ పిల్లల కోసం అమెరికాల ఒక కొత్త తీరు మందు వచ్చింది, అదేందంటే వీడియో గేమ్. ఎండెవర్‌ఆర్‌ఎక్స్ దాని పేరు. 2020 జూన్‌ల అక్కడి ఎఫ్‌డీఏ 8 నుంచి 12 ఏండ్ల పిల్లలకు డాక్టర్ చీటీ మీద ఇయ్యొచ్చని ఒప్పుకున్నది. దినాం 25 నిమిషాలు, వారానికి 5 దినాలు, 4 వారాలు ఆడాలె.

పరీక్షల ఏం తేలిందో చూడుండ్రి. 348 మంది పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు గీ గేమ్, ఇంకో గుంపుకు మాటలు కూర్చే మామూలు గేమ్ ఇచ్చిండ్రు. కంప్యూటర్ మీద పెట్టిన నిలకడ పరీక్షల మొదటి గుంపుకు మార్కులు బాగ పెరిగినయ్. మరి ఇంట్ల ఏమన్న మారిండా అని తల్లిదండ్రులను అడిగితే, రెండు గుంపులోళ్లు దగ్గర దగ్గర ఒక్క తీరుగనే చెప్పిండ్రు. ఎఫ్‌డీఏ సుత గీ గేమ్‌ను వేరే వైద్యంతోటి, చదువు సాయంతోటి కలిపి వాడాలె అన్నది. ఇగ కంపెనీ సంగతి: 2022ల షేర్ మార్కెట్‌కు వచ్చినప్పుడు దాని విలువ 100 కోట్ల డాలర్ల దాక కట్టిండ్రు. 2024ల అమ్ముడుపోయింది 3 కోట్ల 40 లక్షల డాలర్లకే.

ఇది డాక్టర్ చీటీ ఉన్న గేమ్ కథ. చీటీ లేకుండ ‘మెదడుకు పదును’ అని అమ్మే యాప్‌లు ఇంకో లెక్క. లూమోసిటీ అనే యాప్ కంపెనీ ఏడీహెచ్‌డీకి సుత పనికొస్తదని రుజువు లేకుండ ప్రచారం చేసిందని అమెరికా సర్కారు కేసు పెడితే, 2016ల 20 లక్షల డాలర్లు కట్టి బయటపడ్డది. రేపు మీ ఫోన్ల గసొంటి ప్రకటన కనవడితే, పైసలు కట్టే ముందు గీ ముచ్చట యాది చేసుకోండి.

ధరూరులున్న మనకు గిదెందుకు అంటరా? 2011 జనాభా లెక్కలను ఇప్పటి జిల్లాల తీరుగ చూస్తే, తెలంగాణల అక్షరాస్యత అన్నిట్ల తక్కువున్నది మన జోగులాంబ గద్వాలల్నే. సగం మంది సుత లేరు. సీడ్ పత్తి చేన్లల్ల క్రాసింగ్ పనికి పిల్లలను తోలుడు ఈ దిక్కు ఏండ్ల సంది ఉన్నది. ‘వానికి చదువు ఎక్కట్లే’ అన్న మాట ఒక్కటి చాలు, పిలగాడు బడి నుంచి చేనుకు పోతడు. వానికి ఏడీహెచ్‌డీ ఉన్నదా, చెవులు ఇనవడతలేవా, చూపు తక్కువున్నదా అని చూసేటోళ్లే లేకపోతే, పట్నంల ఎంత మంచి యాప్ వచ్చినా వానికి ఏం ఫాయిద?

చూసేటందుకు కాగితం మీద అన్నీ ఉన్నయ్. 2013ల మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం సర్కారు బడికి ఏడాదికొకసారి, అంగన్‌వాడికి రెండుసార్లు రావాలె. ఆ బృందం చూడాల్సిన జబ్బుల పట్టీల ఏడీహెచ్‌డీ ఉన్నది. అనుమానం ఉంటే జిల్లా కేంద్రానికి పంపాలె. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టుడు, మనసు నొప్పించుడు రెండూ తప్పే అంటది.

నేను ఫోన్‌కు దుష్మన్‌ను కాను. ఫోన్ పిలగాన్ని ఒక మనిషి దగ్గరికి తీస్కపోతే మంచిదే. 14416 టెలిమానస్‌కు పైసా ఖర్చు లేకుండ, తెలుగుల, ఏ యాళ్లనన్న మాట్లాడొచ్చు. ఆరేండ్ల లోపు పిల్లలకైతే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం సుత మొదలు చెప్పేది మందు గాదు, తల్లిదండ్రులకు శిక్షణ. చిన్న చిన్న పనులు చెప్పుడు, చేసిన ఎంబడే మెచ్చుకొనుడు, తిట్లు తగ్గించుడు అందుల ఉంటయ్. క్లాసుల ముందు బెంచీల కూసోవెట్టుటానికి ఏ కంపెనీ అక్కర్లే.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీరు చేసేటి పని ఒకటున్నది. మీ ఊరి బడికి పోయిన ఏడాది డాక్టర్ల బృందం ఎన్నడొచ్చింది, ఎంతమందిని చూసింది, ఎంతమందిని పై దవాఖానకు పంపింది? సార్లను అడుగుండ్రి. జవాబు రాకపోతే 10 రూపాయలు కట్టి జిల్లా వైద్యశాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టుండ్రి. వచ్చిన జవాబును గ్రామసభల చదువుండ్రి. ఆ బృందం రాలేదని తేలితే, అడగాల్సింది యాప్ కాదు, డాక్టర్‌ను.