పేరు తర్వాత, ముందు ఇల్లు

ఇంటికి కుక్కపిల్ల వస్తోందంటే ముందు ఏం చేస్తాం? పేరు వెతుకుతాం. కానీ ముందు చెయ్యాల్సింది అది కాదని నా అభిప్రాయం. ముందు నేల మీద కూర్చుని, కుక్కపిల్ల ఎత్తులో నీ ఇంటిని చూడు.

ఏం కనిపిస్తోంది? ఛార్జర్ వైరు. సోఫా కింద చిన్న బొమ్మ ముక్క. గుమ్మం దగ్గర చెప్పులు. రెండు నెలల కుక్కపిల్లకి ఇవన్నీ నమిలే వస్తువులే! అన్నీ తీసి పైన పెట్టు.

తర్వాత వంటింట్లోకి వెళ్ళు. మన కూరల్లో ఉల్లిపాయ, వెల్లుల్లి ఉంటాయి. పాయసంలో కిస్‌మిస్ ఉంటుంది. ఇవి కుక్కలకి విషం. చాక్లెట్ కూడా అంతే. అమ్మమ్మ వస్తే, "పాపం, ఒక్క ముద్ద పెడితే ఏమవుతుంది?" అంటుంది. అప్పుడు నువ్వే నెమ్మదిగా తెలుగులో చెప్పాలి: "వద్దు అమ్మమ్మా, దానికి జబ్బు చేస్తుంది."

చివరిగా పెద్ద ప్రశ్న. సెలవులకి మీరందరూ ఇండియా వెళ్తే దాన్ని ఎవరు చూసుకుంటారు? చాలా కుక్కలు 10 ఏళ్ళకి పైగా బతుకుతాయి. అంటే ఈ ప్రశ్న ప్రతి సెలవులకీ వస్తుంది. జవాబు దొరికాకే కుక్కపిల్లని తెచ్చుకో. దొరక్కపోతే ఇంకో ఏడాది ఆగు. ఆగడం కూడా ప్రేమే.