హ్యాండిల్ పెరిగింది, తీగ పెరగలేదు

బుల్లెట్ మోటారు సైకిలుకు కొమ్ముల వంటి ఎత్తయిన హ్యాండిల్ బిగించుకోవాలనే ముచ్చట మన పట్టణాల యువకులకు కొత్తది కాదు. 1955 నుండి మద్రాసులో తయారవుతూ వచ్చిన ఆ బండిని రూపం మార్చి చూచుకోవడం ఒక తరహా వ్యసనమే. ఇనుప పని ఒక పూటలో ముగుస్తుంది. అసలు చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. హ్యాండిల్ పెరిగింది, దాని మీది స్విచ్చిలకు చేరవలసిన తీగలు మాత్రం పాత పొడవులోనే ఉన్నవి.

సామాన్యంగా జరిగేదేమిటి? తీగలు తెంచి, ముక్కలు కలిపి, మెలిపెట్టి, పైన నల్లటేపు చుడతారు. హారను మోగుతుంది, దీపం వెలుగుతుంది, యజమాని సంతోషంగా వెళ్ళిపోతాడు. కొన్నాళ్ళకు ఒక రాత్రి, మలుపులో హ్యాండిల్ తిప్పగానే ముందు దీపం ఆరిపోతుంది. తిన్నగా చేస్తే మళ్ళీ వెలుగుతుంది. ఎదురుగా లారీ వస్తుండగా ఈ దోబూచులాట ఎటువంటిదో ఊహించవచ్చు.

దోషం సాధారణంగా హ్యాండిల్ మెడ దగ్గర దొరుకుతుంది. తిప్పినప్పుడల్లా తీగ ఒకేచోట వంగుతుంది. అక్కడ అతుకు ఉన్నదా, దాని ఆయుర్దాయం స్వల్పం. టంకం పట్టిన చోట సన్నని రాగిపోగులు కర్రవలె బిగిసిపోతాయి. ఇంజను అదురుకు ఆ బిగువు అంచునే విరుగుతాయి. కనుక తెలిసిన పనివాడు అతుకులు పెట్టక, అదే మందము, అదే రంగు గల కొత్త తీగను ఆసాంతం వేస్తాడు. అందం కోసం తీగలను గొట్టం లోపలినుండి లాగేవారు రంధ్రం అంచులను ఆకురాయితో నునుపుచేసి రబ్బరు వాషరు తొడగాలి. హ్యాండిల్‌ను బిగించే క్లాంపు దాపున మాత్రం రంధ్రం చేయరాదు. భారమంతా పడేది అక్కడే.

మరొక చిత్రమున్నది. పాత బళ్ళలో చాలావాటికి హారను బొత్తాం నుండి ప్రవాహం తిరిగిపోయే దారి హ్యాండిల్ లోహమే. దానికి దళసరిగా రంగు వేయిస్తే, లేదా రబ్బరు దిమ్మెలమీద కూర్చోబెడితే, ఆ దారి మూసుకుపోతుంది. హారను మూగబోతుంది. మెకానిక్కు హారను మార్చి, బ్యాటరీ మార్చి, చివరకు రెండు రూపాయల తీగముక్కను ఫ్రేముకు కలిపి నవ్వుకుంటాడు!

చిన్న స్విచ్చిలు ముద్దుగా ఉంటాయి, నిజమే. కాని 12 వోల్టుల బండిలో 60 వాట్ల దీపం 5 ఆంపియర్లు లాగుతుంది. 6 వోల్టుల పాత బండిలో అంతే వాట్ల దీపం 10 లాగుతుంది. బొత్తాం వంటి స్విచ్చి ఆ వేడికి కరగవచ్చు. మధ్యలో రిలే పెడితే స్విచ్చి గుండా పోయేది ఆంపియరులో అయిదో వంతుకు మించదు. బరువంతా రిలే మోస్తుంది. దానికి పోయే తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి.

చట్టం సంగతి వేరే. రిజిస్టరయిన వాహనాన్ని తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. 2017 ఏప్రిల్ నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంతసేపు ముందు దీపం వెలిగి తీరాలన్న నిబంధన ఉన్నది. వాటికి దీపం ఆర్పే స్విచ్చి తగిలించడం ఆ నిబంధనను కాదనడమే.

పని ముగిశాక పరీక్ష సులభం. బండి నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా దీపాలన్నీ వెలిగించి, హ్యాండిల్‌ను ఈ కొస నుండి ఆ కొసకు పది పన్నెండు సార్లు తిప్పాలి. తీగ ఎక్కడా బిగియరాదు, దీపం రెప్పపాటయినా మినుకరాదు. మినుకరిస్తే ఆ రాత్రికి బండి షెడ్డులోనే ఉండిపోవాలి.